బ్యాటరీ కొనే ముందు అది ఉండబోయే గదిలో ఓ మధ్యాహ్నం కూర్చోండి

రాత్రి పదకొండు దాటింది. పై గదిలో లైటు వేసి, సోలార్ బ్యాటరీల వరసలో రెండోదాని పక్కకి అరచెయ్యి ఆనించా. గోరువెచ్చగా ఉంటే పర్లేదు అనుకునేవాణ్ణి, కానీ బాగానే వేడిగా ఉంది. ఎండ పోయి అప్పటికి ఐదు గంటలు, చార్జింగ్ ఎప్పుడో ఆగిపోయింది, ఇంట్లో నడుస్తున్నవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు. గది బయట చల్లటి గాలి వేస్తోంది. మరి దీనికి ఇంత వేడి ఎక్కడిది?

ఆ ప్రశ్న నాకు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఆ నాలుగు బ్యాటరీలూ అయిపోయాయి. ట్యుబ్యులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు, అంటే సీసం ప్లేట్లు, యాసిడ్ ఉండేవి. ఒక్కోటి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత), నాలుగూ సిరీస్‌లో కలిపి 48 వోల్టుల సోలార్ సిస్టం. ఆరేళ్లు వస్తాయనుకుని పెట్టించుకున్నా, మూడో ఏడు వచ్చేసరికి బ్యాకప్ సగానికి పడిపోయింది, రెండు వారాలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వచ్చేది, ఒకదాని పక్క గోడ ఉబ్బింది కూడా. చూడ్డానికి వచ్చిన టెక్నీషియన్ తేలిగ్గా చెప్పేశాడు, "వేడికి అంతే సార్, ఎవరికైనా మూడేళ్లే వస్తాయి, ఈసారి 200 ఏహెచ్ వేయించుకోండి" అని. ఆ మాటలో వేడికి పోయిందన్నది నిజం, 200 వేయించుకోమన్నది మాత్రం మనల్ని ముంచేది. వేడికే పోయింది అని తెలిసినప్పుడు అదే వేడిలోకి ఇంకా పెద్ద బ్యాటరీ తెచ్చి పెట్టడం ఏంటండి? పెద్దది కూడా అంతే తొందరగా పోతుంది, పోయినప్పుడు పోయేది ఇంకా ఎక్కువ.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. సోలార్ పెట్టించుకునే ప్రతి ఒక్కరూ ఎన్ని కిలోవాట్లు, ఎన్ని ఏహెచ్, ఏ కంపెనీ, వారంటీ ఎన్నేళ్లు అని అడుగుతారు. బ్యాటరీ ఏ గదిలో పెడుతున్నాం, ఆ గది మధ్యాహ్నం మూడింటికి ఎంత వేడెక్కుతుంది అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు. ముందు గది తేలాలి, సైజు సంగతి తర్వాత. గది సంగతి తేలకుండా సైజు లెక్కేస్తే ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది.

బ్యాటరీతో వచ్చే డేటాషీట్ తీసి చూడండి. ఆపరేటింగ్ టెంపరేచర్ అని 50 వరకో 55 వరకో రాసి ఉంటుంది, అది చూసి మనం హమ్మయ్య అనుకుంటాం. అదే కాగితంలో కెపాసిటీ దగ్గర, సైకిల్స్ (ఎన్నిసార్లు నింపి వాడుకోవచ్చో ఆ లెక్క) దగ్గర చిన్న అక్షరాల్లో 25 డిగ్రీల దగ్గర అని ఉంటుంది. ఈ రెండూ వేరు వేరు మాటలు. 55 అన్నది అది పనిచేస్తూ తట్టుకునే హద్దు, ఆ వేడిలో ఉంచితే చెప్పినన్ని సైకిల్స్ ఇస్తుందని ఎవరూ మాటివ్వలేదు. మనిషి కూడా 45 డిగ్రీల్లో పనిచేయగలడు, అలాగని ఏడాదంతా అదే ఎండలో నిలబెడితే ఏమవుతాడు?

వేడికీ రసాయన చర్య వేగానికీ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టిందేం కాదు. స్వాంటే అర్హీనియస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1889లోనే దాన్ని సూత్రంగా రాశాడు. బ్యాటరీలతో పనిచేసేవాళ్లు దాన్నే వాడకంలోకి తెచ్చుకుని ఒక మోటు లెక్క పెట్టుకున్నారు, లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 దాటి ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకి ఆయుష్షు సుమారు సగం అవుతుంది అని. అంటే 25 దగ్గర ఎనిమిదేళ్లు రావాల్సింది 35 దగ్గర నాలుగేళ్లు, 45 దగ్గర రెండేళ్లు. కచ్చితంగా ఇంతే జరుగుతుందని కాదు, ఏడాదంతా ఒకే వేడి ఉండదు కదా. కానీ నా నాలుగు బ్యాటరీలు మూడేళ్లకే ఎందుకు పోయాయో ఈ లెక్క ముందు కూర్చుంటే అర్థమైపోయింది. ఇన్నాళ్లూ నేను కంపెనీని తిట్టుకున్నా, టెక్నీషియన్‌ని తిట్టుకున్నా.

లోపల జరిగేది ఒకటి కాదు. పాజిటివ్ ప్లేటు లోపలుండే సీసం గ్రిడ్డు తుప్పు పట్టడం వేడిలో వేగం అవుతుంది, తుప్పు పట్టిన గ్రిడ్డు పెరుగుతుంది, అందుకే ఉబ్బు. నీళ్లు విడిపోయి గ్యాస్‌గా పోవడం పెరుగుతుంది. వాడకుండా ఉంచినా చార్జ్ దానంతట అది తగ్గిపోవడం పెరుగుతుంది. ఇవన్నీ మనకి కనపడకుండా జరుగుతుంటే పైకి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది, నన్ను అన్నింటికంటే మోసం చేసింది అదే. వేడిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ కెపాసిటీ తాత్కాలికంగా కాస్త పెరుగుతుంది, చలిలో తగ్గుతుంది, సున్నా డిగ్రీల దగ్గర మామూలు కెపాసిటీలో ఓ 80 శాతం దాకానే ఇస్తుంది. కాబట్టి ఎండలు మండే రోజుల్లో బ్యాకప్ ఇంకో అరగంట ఎక్కువ వస్తుంటే నేను సంతోషపడ్డా. ఆ ఎక్కువ వచ్చిన అరగంట దాని ఆయుష్షులోంచే వస్తోంది. చలి మొదలవగానే ఒక్కసారిగా బ్యాకప్ పడిపోయేసరికి చలి వల్ల చెడిపోయింది అనుకున్నా. చలి దాన్ని చెడగొట్టలేదు, వేడి చేసిన పనిని బయటపెట్టింది అంతే.

సరే, గది తర్వాత ఇంకో తప్పు కూడా దొరికింది, అది చెప్పాలి. పాత బ్యాటరీలు దించుతున్న రోజు చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్స్ నుంచి బ్యాటరీకి చార్జింగ్ నడిపే పెట్టె) వచ్చిన అట్టపెట్టె అటక మీద కనపడింది. అందులో మాన్యువల్ కింద ఒక చిన్న ప్లాస్టిక్ కవరు, సీలు కూడా తీయలేదు, లోపల రెండు మీటర్ల సన్నటి వైరు, చివర రింగు లగ్గులో (నట్టు కింద బిగించే లోహపు రింగు) బిగించిన గింజంత సెన్సర్. బ్యాటరీ టెంపరేచర్ సెన్సర్ అది. మూడేళ్లు ఆ పెట్టెలోనే ఉండిపోయింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయా.

అది ఎందుకంటే, లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఎంత వోల్టేజి దాకా చార్జ్ చేయాలన్నది దాని టెంపరేచర్ మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి ఒక్కో సెల్లుకి (బ్యాటరీ లోపలి 2 వోల్టుల గడి) 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గించాలి, చలిలో అంతే పెంచాలి. వినడానికి చాలా చిన్న అంకెలా ఉంటుంది. 48 వోల్టుల బ్యాటరీ బ్యాంకులో, అంటే నా నాలుగూ కలిపిన వరసలో, 24 సెల్స్, సెల్లుకి 4 మిల్లీవోల్టుల చొప్పున వేస్తే డిగ్రీకి 96 మిల్లీవోల్టులు. నా బ్యాటరీలు 43 దగ్గర ఉన్నాయనుకోండి, 18 డిగ్రీల తేడా, 1.7 వోల్టులు. అంటే 57.6 దగ్గర ఆపాల్సింది దాదాపు 55.9 దగ్గరే ఆపాలి. సెన్సర్ తగిలించకపోతే చాలా కంట్రోలర్లు బ్యాటరీ 25 దగ్గరే ఉందనుకుని పోతాయి. నా కంట్రోలర్ కూడా అంతే, రోజూ మధ్యాహ్నం వేడెక్కిన బ్యాటరీలోకి దాదాపు 1.7 వోల్టులు అదనంగా తోసింది, ఆ అదనం అంతా నీళ్లని గ్యాస్ చేయడానికే పోయింది, నేనేమో రెండు వారాలకోసారి నీళ్లు పోస్తూ మెయింటెనెన్స్ బాగా చేస్తున్నా అనుకున్నా. సీల్డ్ బ్యాటరీ అయితే నీళ్లు పోసే దారి కూడా ఉండదు. వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఎక్కువ కరెంటు వల్ల ఇంకా వేడెక్కుతుంది, చివరికి కేసు మెత్తబడి ఉబ్బిపోయే దాకా పోవచ్చు.

ఇంకో మాట, సెన్సర్‌ని గోడకి మేకు కొట్టి వేలాడదీసిన ఇళ్లు కూడా చూశా. అది గది గాలిని కొలుస్తుంది, బ్యాటరీని కాదు. సెన్సర్ నెగటివ్ టెర్మినల్‌కి బిగించాలి, లేదా వరసలో మధ్య బ్యాటరీ పక్కకి, యాసిడ్ మట్టం కింద వచ్చేలా అంటించాలి. మధ్యదే ఎందుకంటే అటూ ఇటూ వేడి పోయే దారి లేక ఎక్కువ ఉడికేది అదే.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి. దీని మీద నాకు చాలామందితో వాదన అవుతుంటుంది.

పై గది పైన సిమెంటు రేకులు, పడమటి గోడకి సాయంత్రం దాకా ఎండ. గది వేడెక్కుతోందని తెలియగానే అందరూ చేసేదే నేనూ చేశా, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా తిప్పా. ఎండ ఉన్నప్పుడు కరెంటు ఊరికే వస్తుంది కదా, తిరగనీ అనుకున్నా. తర్వాత ఓ వారం పాటు రెండు థర్మామీటర్లు పెట్టి, ఒకటి గదిలో వేలాడదీసి, ఒకటి బ్యాటరీకి అంటించి, కొన్ని గంటలకోసారి నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయా. మధ్యాహ్నం మూడింటికి గది గాలి 44, బ్యాటరీ 38. రాత్రి పదకొండుకి గది 36, బ్యాటరీ 41. ఆ రెండు వరసలు చూసుకునేసరికి అసలు విషయం తెలిసింది. మధ్యాహ్నం గాలి కంటే బ్యాటరీయే చల్లగా ఉంది. అంటే నా ఫ్యాన్ ఏం చేస్తోంది? 44 డిగ్రీల గాలిని లాక్కొచ్చి 38 డిగ్రీల బ్యాటరీ మీద తోస్తోంది. ఫ్యాన్ గాలి మనకి చల్లగా అనిపించేది మన ఒంటి మీద చెమట ఆరడం వల్ల, బ్యాటరీకి చెమట ఎక్కడిది? దానికి గాలి తనకంటే చల్లగా ఉంటేనే చల్లదనం, వేడిగా ఉంటే ఆ ఫ్యాన్ హీటరే. అసలు ఫ్యాన్ తిరగాల్సిన టైంకి, బయట గాలి 29కి దిగి బ్యాటరీ 41 మీద కూర్చుని ఉన్న టైంకి, నేను స్విచ్ ఆపి పడుకునేవాణ్ణి.

నాలుగు బ్యాటరీలు కలిపి రెండు వందల కిలోల పైన సీసం, యాసిడ్. అంత బరువు తొందరగా వేడెక్కదు, ఒకసారి వేడెక్కితే తొందరగా చల్లారదు. మధ్యాహ్నం తాగిన వేడిని రాత్రి పూట మెల్లగా వదులుతుంది, వదిలే లోపు పైన రేకులు, పడమటి గోడ తమ వేడి తాము వదులుతుంటాయి, అది పూర్తయ్యేలోపు మళ్లీ తెల్లారుతుంది. ఆ రాత్రి అరచేతికి తగిలిన వేడి పగటి వేడి.

అందుకని ఫ్యాన్ పెట్టేవాళ్లకి నేను చెప్పేది, టైమర్ పెట్టకండి, తేడా చూసే కంట్రోలర్ పెట్టండి. రెండు సెన్సర్లు, ఒకటి బయట నీడలో, ఒకటి బ్యాటరీ మీద, బయట గాలి బ్యాటరీ కంటే ఓ 3 డిగ్రీలు చల్లగా ఉంటేనే ఫ్యాన్ తిరగాలి. అది పెట్టుకోలేకపోతే రాత్రి పడుకునే ముందు వేసి పొద్దున లేచాక ఆపేయండి, పగలు ఆ తలుపు మూసి ఉంచండి. లెడ్ యాసిడ్ ఉన్న గదికి మాత్రం పైన ఒక చిన్న కిటికీయో గొట్టమో ఎప్పుడూ తెరిచే ఉండాలి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, అది తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. చల్లదనం కోసం ఆ దారి ఎప్పుడూ మూయకండి.

మరి ఇంటి పైన ఎందుకు పెట్టావయ్యా అంటే, ప్యానెల్స్ పైన ఉన్నాయి కాబట్టి. బ్యాటరీ ప్యానెల్స్‌కి దగ్గర ఉండాలి, కేబుల్ లాస్ తగ్గుతుంది అన్నారు. దగ్గర ఉండాల్సింది ప్యానెల్‌కీ బ్యాటరీకీ కాదు, బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ. ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రకం) ఉంటే ప్యానెల్ వైపు వోల్టేజి పైన పెట్టుకోవచ్చు. 3000 వాట్లు 150 వోల్టుల దగ్గర 20 ఆంప్స్, అదే 3000 వాట్లు 48 వోల్టుల దగ్గర 62.5 ఆంప్స్. వైరులో నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అదే వైరులో రెండోది దాదాపు పది రెట్లు ఎక్కువ పోగొడుతుంది. కాబట్టి పొడుగు తీయాల్సిన వైరు ప్యానెల్ నుంచి వచ్చేది, పొట్టిగా ఉంచాల్సింది బ్యాటరీ దగ్గరది. ప్యానెల్ వైరు కిందికి దింపండి, కంట్రోలర్, ఇన్వర్టర్, బ్యాటరీ కింద ఒకచోట పెట్టుకోండి. ఇంట్లో చల్లటి గది ఎప్పుడూ కిందిదే, అందులోనూ ఎండ తగలని వైపుది, నేల మీద కట్టినది. బ్యాటరీ కోసమని విడిగా అలాంటి చోటు ఇంటి ప్లాన్‌లో ఉండకపోవచ్చు, వెతికితే స్టోర్ రూమ్ దొరుకుతుంది. మెట్ల కింద ఖాళీ ఉంది కదా అని మాత్రం లిథియం బ్యాటరీ అక్కడ పెట్టకండి, ఏదైనా జరిగితే మనుషులు కిందికి దిగే దారి అదే.

ఒకచోట అన్నా కదా అని ఇన్వర్టర్ కింద బ్యాటరీ, బ్యాటరీ మీద ఇన్వర్టర్ అన్నట్టు ఒకే అలమారాలో సర్దకండి. 2000 వాట్ల లోడ్ నడుస్తుంటే 90 శాతం ఎఫిషియన్సీ ఉన్న ఇన్వర్టర్ సుమారు 220 వాట్లు వేడిగా వదులుతుంది. మూసిన అలమారాలో అది చిన్న గది హీటర్‌తో సమానం. గోడకి అవతలి వైపు పెట్టి వైరు గోడలోంచి తీస్తే పోయేదేం లేదు. బ్యాటరీల మధ్య కూడా రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఒకటి 36 ఇంకోటి 43 ఉంటే రెండూ ఒకేలా ముసలివి కావు, సిరీస్‌లో బలహీనమైన ఒక్కటే మొత్తం వరసని కిందికి లాగేస్తుంది.

రెండో సెట్టుకి నేను 200 ఏహెచ్ తీసుకోలేదు. అదే 150, కింద స్టోర్ రూమ్‌లో, సెన్సర్ టెర్మినల్‌కి బిగించి. ఆరేళ్లు దాటి ఏడో ఏట సగంలో దించా, అప్పటికీ మూడొంతుల్లో రెండొంతుల బ్యాకప్ ఇస్తూనే ఉన్నాయి. ఇందులో గది వాటా ఎంత, సెన్సర్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి మార్చా కాబట్టి. కానీ సైజు వాటా మాత్రం సున్నా, ఎందుకంటే సైజు మారలేదు.

ఇక్కడ చాలామంది అనే మాట, ఇప్పుడంతా లిథియం కదండి, దానికి ఈ గోలంతా లేదు అని. ఈ మాట వినగానే నాకు భయం వేస్తుంది. ఇళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచి కెమిస్ట్రీ, సందేహం లేదు. మిగతా లిథియం రకాలతో పోలిస్తే మంటల వరకు వెళ్లడానికి అది చాలా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. కానీ మంట పట్టకపోవడం, ఎక్కువ కాలం మన్నడం ఒకటే కాదు. వేడిలో దాని లోపల గ్రాఫైట్ మీద ఉండే పల్చటి పొర మందం అవుతూ పోతుంది, ఆ పొరలో చిక్కుకున్న లిథియం మళ్లీ పనికి రాదు. వాడినా వాడకపోయినా ఇది జరుగుతుంది. వేడి ఒకటి, ఫుల్ చార్జ్‌లో కూర్చోవడం ఒకటి, ఈ రెండూ కలిస్తే ఇంకా వేగం.

మన సోలార్ సిస్టం సరిగ్గా ఆ రెండింటినీ కలుపుతుంది. పొద్దున్నుంచి చార్జ్ అయి మధ్యాహ్నం పన్నెండుకో ఒంటిగంటకో 100 శాతం అయిపోతుంది, అక్కణ్ణుంచి సాయంత్రం దాకా, రోజులోకెల్లా వేడి గంటల్లో, నిండుగా కూర్చుని ఉంటుంది. రోజూ. అందుకే బాగా వేడి ఉండే నెలల్లో నేను రెండో సెట్టు తర్వాత పెట్టుకున్న 16 సెల్స్ లిథియం బ్యాంకుకి వోల్టేజి కాస్త తగ్గించి, పొద్దున చార్జింగ్ కరెంటు కూడా తగ్గించి, నిండడం సాయంత్రం నాలుగు దగ్గరికి జరిపేశా. తక్కువ కరెంటు కాబట్టి లోపల పుట్టే వేడి కూడా తగ్గింది, కరెంటు సగం చేస్తే ఆ వేడి నాలుగో వంతు అవుతుంది. పది పదిహేను రోజులకోసారి సెల్స్ బ్యాలెన్స్ కోసం నిండా చార్జ్ చేస్తా. లెడ్ యాసిడ్‌కి మాత్రం ఇది చేయకండి, దాన్ని సగం సగం చార్జ్‌లో ఉంచితే ప్లేట్లకి సల్ఫేట్ పట్టేస్తుంది, దానికి తరచూ ఫుల్ చార్జ్ పడాల్సిందే. ఒకదానికి మందు ఇంకోదానికి విషం, ఇంటర్నెట్‌లో సలహా చదివేటప్పుడు ముందు అది ఏ బ్యాటరీ గురించో చూడండి.

అలాంటి పొరపాటే ఇంకోటి, పాత కంట్రోలర్‌కి కొత్త లిథియం తగిలించి టెంపరేచర్ కాంపెన్సేషన్ (ఇందాక చెప్పిన, డిగ్రీని బట్టి వోల్టేజి మార్చే సెట్టింగు) అలాగే వదిలేయడం. లిథియంకి అది సున్నా ఉండాలి. వదిలేస్తే ఓ చలి పొద్దున 5 డిగ్రీల దగ్గర డిగ్రీకి 96 మిల్లీవోల్టుల చొప్పున 1.9 వోల్టులు పెంచేస్తుంది, 56.8 కాస్తా 58.7 అయి సెల్లుకి 3.65 వోల్టుల హద్దు దాటిపోతుంది. బీఎంఎస్ (లిథియం బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) కట్ చేసి కాపాడుతుంది నిజమే. కానీ బీఎంఎస్ చివరి తలుపు, దాన్ని రోజూ తట్టకూడదు.

చలి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. సున్నా కంటే కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు, వాడుకోవచ్చు కానీ ఎక్కించకూడదు. ఎక్కిస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి పోలేక పైనే లోహంగా పేరుకుంటుంది, అది తిరిగి రాదు. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్లు హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని, పొద్దుటి ఎండ ముందు ప్యాడ్‌కి, సెల్స్ 5 డిగ్రీలు దాటాకే చార్జింగ్‌కి వెళ్లేలా పెట్టుకోవాలి. వాళ్లకి బ్యాటరీ చుట్టూ థర్మోకోల్ ఎంత అవసరమో మనలాంటి వేడి గదుల వాళ్లకి బ్యాటరీ గది పైకప్పుకి థర్మోకోల్ అంత అవసరం.

గది బాగున్నా వేడి ఒక్క నట్టు దగ్గర పుట్టొచ్చు. లిథియం పెట్టాక ఓ సాయంత్రం మోటారు, ఇస్త్రీ పెట్టె రెండూ నడుస్తుంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకుని లగ్గులన్నీ చూసుకుంటూ పోయా. అన్నీ 32, 33, 34. బాగున్నాయి అనుకుని వచ్చేస్తుంటే ఒకచోట వేడి వాసన లాంటిది తగిలింది. మళ్లీ వెళ్లి చూస్తే అక్కడా 34 చూపిస్తోంది. మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ అబద్ధం చెప్తుందని అప్పటికి చదివి ఉన్నా, లోహం అద్దంలా గది వేడినే తిప్పి చూపిస్తుంది. లోడ్ ఆపి, బ్రేకర్ దించి, లగ్గు మీద నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి, మళ్లీ లోడ్ వేసి పది నిమిషాలాగి చూశా. 61. పక్క లగ్గు మీద అదే టేపు, 35. నట్టు పావు చుట్టు వదులైంది, అంతే. వదులైన జాయింట్‌లో ఒక్క మిల్లీ ఓమ్ ఉన్నా 100 ఆంప్స్ దగ్గర 10 వాట్లు ఆ గోరంత చోట్లోనే పుడుతుంది, అది ఎక్కడికి పోతుంది, సెల్స్‌ని కలిపే మందపాటి రాగి పట్టీ (బస్‌బార్) గుండా నేరుగా సెల్లులోకి. శుభ్రం చేసి కంపెనీ చెప్పిన టార్క్‌కి (బిగింపు కొలత) బిగించాక 36కి దిగింది. ఇప్పుడు అన్ని లగ్గుల మీదా టేపు ముక్కలు శాశ్వతంగా ఉన్నాయి, నెలకోసారి లోడ్ వేసి చూస్తా.

ఏసీ పెడితే పోలా అంటారు కొందరు. పెద్ద బ్యాంకు ఉన్నవాళ్లు, చల్లటి గది అసలే లేనివాళ్లు చిన్న ఏసీ పెట్టుకోవడంలో తప్పులేదు. కానీ బ్యాటరీ కాపాడటానికి బ్యాటరీనే ఖర్చుపెట్టే ముందు పెద్దగా కరెంటు ఖర్చు లేనివన్నీ చేశారా అని అడుగుతా. పడమటి గోడకి నీడ, పైకప్పుకి తెల్ల సున్నం లాంటి కూల్ పెయింట్, కింద ఇన్సులేషన్, ఇన్వర్టర్ బయటికి, పగలు తలుపు మూత, రాత్రి గాలి. ఇంకొందరు బ్యాటరీలు ఏటేటా మెరుగవుతున్నాయి, నాలుగేళ్లకోసారి మారిస్తే ఏమైంది అంటారు. ఆ సీసం, ఆ లిథియం ఎక్కడో తవ్వి, కరిగించి, ఇంత దూరం మోసుకొస్తే మన ఇంటికి వచ్చింది. ఎండ నుంచి కరెంటు తీసుకుందాం, నేలకి భారం తగ్గిద్దాం అని సోలార్ పెట్టుకున్నవాళ్లం, పదేళ్లు పనిచేసే వస్తువుని చోటు సరిగా చూసుకోక నాలుగేళ్లకే పారేయడం నా మనసుకి ఒప్పదు.

పోయిన నెల ఒక స్నేహితుడు వచ్చాడు, 10 కిలోవాట్ అవర్ల బ్యాంకా 15 తీసుకోవాలా చెప్పమని. నేను ఏదీ చెప్పలేదు. రెండు థర్మామీటర్లు చేతిలో పెట్టి, ఒకటి పైన నువ్వనుకుంటున్న గదిలో, ఒకటి కింద సామాన్ల గదిలో పెట్టి వారం రోజులు రాసి పంపు, రీడింగు తీసే ప్రతిసారీ ఓ పది నిమిషాలు అక్కడే కూర్చో అన్నా. కాస్త చిరాకు పడ్డాడు కానీ పంపాడు. మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకి పై గది 43, కింద గది 31. రాత్రి పదింటికి పైన 37, కింద 30. ఆ మెసేజ్ కిందే ఇంకో లైను రాశాడు, "సామాన్లు ఎక్కడికి మార్చాలో చూస్తున్నాం, 10 చాలనుకుంటా."